రొయ్యల చెరువు గట్టున మౌనం

ఆయన పూర్తి పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అరవై ఏళ్లు రాబోతున్నా ఆ పేరుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పలికినవాళ్లు ఆయనకి తగల్లేదు. బళ్లో మేష్టార్లు కూడా ఈశ్వర్రావు అనే పిలిచారు. అల్లవరం చుట్టుపక్కల ఊళ్లలో కొబ్బరి ఈశ్వర్రావు గారంటే తెలియని వాళ్లుండరు. తోటల్లో కాయ కొని, ఒలిపించి, అంబాజీపేట పంపడం ఆయన వ్యాపారం. ఆ వ్యాపారంలో ఆయనకి ఉన్న పేరు సగం తూకం వల్ల వచ్చింది, మిగతా సగం గొంతు వల్ల వచ్చింది.

ఆయన కేకకి చెట్టు మీద కాయల దింపు తీస్తున్న మనిషి కత్తి జారవిడిచాడని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమో కాదో తెలియదు గానీ ఆయన దాన్ని ఎన్నడూ కాదనలేదు. లారీ ఆలస్యమైతే తిట్టేవారు, తొందరగా వస్తే ఎందుకొచ్చావని తిట్టేవారు. తిట్టిన కాసేపటికే ఆ మనిషినే పిలిచి టీ ఇప్పించేవారు. అందుకని పనివాళ్లు ఆ తిట్లని ఎండా వానా లాగే భరించేవారు. ఎవరూ మనసులో పెట్టుకునేవారు కాదు.

ఒకరోజు అంబాజీపేట కొట్టు ముందు ఒక లారీ డ్రైవరు మీద అరుస్తూ అరుస్తూ ఈశ్వరరావు గారు ఉన్నట్టుండి మాట మధ్యలో ఆగిపోయారు. ఎడమ చెయ్యి తనది కానట్టుగా వేలాడింది. ఆ డ్రైవరే ఆయన్ని పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ లారీలోనే అమలాపురం తీసుకెళ్లాడు. డాక్టరు గారు పెద్ద ప్రమాదం తప్పిందన్నారు. మాత్రలు రాసి, ఉప్పు తగ్గించమన్నారు, ఊరగాయ మానమన్నారు. రోజూ పొద్దున్న కాసేపు ఎవరితోనూ మాట్లాడకుండా ఊరికే కుర్చీలో కూర్చోమన్నారు.

డాక్టరు గారు చెప్పింది అంతే, కుర్చీలో కూర్చోమని. కానీ ఈశ్వరరావు గారు ఏ పనీ చిన్నగా చేసే మనిషి కాదు.

అమలాపురంలో ఆ వారమే గడియార స్తంభం దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు. మనసు, శరీరం, ఆత్మ, ఈ మూడింటినీ కలుపుకోవడం నేర్పుతామని, ఏసీ హాలు, భోజన వసతి ఉందని దాని మీద ఉంది. నేర్పే ఆయన పేరు మురళీమోహన్. రాజమండ్రి మనిషి. పూర్వాశ్రమంలో బీమా పాలసీలు కట్టించేవారు. ఇప్పుడు తెల్ల లాల్చీ వేసుకుని ఆత్మ గురించి చెప్తున్నా, ఆ గొంతులో ఎదుటి మనిషి చేత సంతకం పెట్టించే మెత్తదనం పోలేదు. ఈశ్వరరావు గారు వెళ్లి చేరిపోయారు. మొదటిరోజు మురళీమోహన్ గారు వచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ ఈశ్వరరావు గారి దగ్గర ఆగారు. ఎక్కడా తొట్రుపడకుండా, ఒక్క అక్షరం మింగకుండా, "సుబ్రహ్మణ్యేశ్వరరావు గారూ, మీరు చాలా అలిసిపోయి ఉన్నారండీ" అన్నారు.

ఈశ్వరరావు గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతకాలం తనలో ఎవరూ గుర్తించనిదేదో ఈయన గుర్తించాడని ఇంటికొచ్చి భార్యతో చెప్పారు. ఆయన గుర్తించింది పేరొక్కటే కదా అని వీరవేణి గారు అనుకున్నారట, పైకి అనలేదు.

శరీరం పడవ, మనసు తెడ్డు, ఆత్మ ప్రయాణికుడు అని మురళీమోహన్ గారు చెప్పారు. రాజోలు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ మేష్టారు లేచి, మరి పడవ నడిపేదెవరండీ అని అడిగారు. అది శిక్షణ రెండో స్థాయిలో వస్తుందని మురళీమోహన్ గారు జవాబిచ్చారు. ఈశ్వరరావు గారు ఆ సాయంత్రమే రెండో స్థాయికి పేరు రాయించుకున్నారు. రెండో స్థాయిలో కూడా ఆ సంగతి రాలేదు గానీ, అప్పటికి ఆయనకి దాని మీద పట్టింపు పోయింది. ఆయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, ముక్కుతో గాలి పీల్చి ఎక్కడికి పోతోందో చూడటం నేర్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆయనకి నిద్ర బాగా పట్టింది. రక్తపోటు కూడా దిగింది. అక్కడితో ఆగి ఉంటే ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆయనకి శాంతి దొరికింది. దొరికిన శాంతిని కాపాడే బాధ్యత ఇంట్లోవాళ్ల మీద పడింది.

తెల్లవారుజామున ఆయన కళ్లు మూసుకుంటే కుక్కరు ఈల చెవిలో పడుతోందన్నారు. వీరవేణి గారు గిన్నెలో వండటం మొదలుపెట్టారు. గంజి పొంగి పొయ్యి మీద పడ్డప్పుడు చుయ్ మంటోందన్నారు. ఆయన లేచేదాకా ఆవిడ పొయ్యి వెలిగించడమే మానేశారు. ధ్యానం పూర్తయి కళ్లు తెరిచాక, టిఫిను ఇంకా కాలేదేమిటని ఆయన అడిగేవారు. చాలా ప్రశాంతంగా అడిగేవారు.

ఇక కోపం సంగతి. దాన్ని ఆయన పూర్తిగా జయించినట్టు అందరికీ చెప్పారు. ముందు కళ్లు మూసుకుని, చెయ్యి పైకెత్తి, "నాలో కోపం వస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను" అని ప్రకటించేవారు. చూడటం అయ్యాక ఎదుటివాణ్ణి కూర్చోబెట్టుకునేవారు. ఇదివరకు అయితే రెండు కేకలతో పోయేది. ఇప్పుడు గుమస్తా సత్తిబాబు ఒక లోడు తప్పు ఊరికి పంపితే, అతని మీద తనకి ఎందుకు కోపం రావట్లేదో వివరించడానికి ఆయనకి మధ్యాహ్నం దాకా పట్టింది. సత్తిబాబు పెరటి గుమ్మంలో నిలబడి వీరవేణి గారితో మొర పెట్టుకున్నాడు.

"అమ్మగారూ, పాతరోజుల్లోలాగా ఓసారి తిట్టేసెయ్యమనండమ్మా. ఇది పడలేకపోతున్నాం."

"నా మాట వింటారా బాబూ," అన్నారు ఆవిడ. "నన్ను కూడా కూర్చోబెట్టుకుంటున్నారు."

తర్వాత ఆయన దృష్టి పనివాళ్ల ఆత్మల మీదికి మళ్లింది. కొట్లో పని మొదలయ్యే ముందు ఒలుపు మనుషులూ, చిప్పలు తీసే ఆడవాళ్లూ వరసగా కూర్చుని శ్వాస మీద ధ్యాస పెట్టాలన్నారు. కూలి కాయల లెక్కన ఇస్తారు కాబట్టి, ఆ కూర్చున్న సేపు ఎవరికి నష్టమో ఆయన ఆలోచించలేదు. వాళ్లు ఆలోచించారు, కానీ వాళ్ల కళ్లు మూసుకుని ఉన్నాయి. వెనక వరసలో ఇద్దరు గుర్రు పెడితే ఈశ్వరరావు గారు మురిసిపోయి, చూశారా ఎంత లోతుకి వెళ్లారో అని వాళ్లనే అందరికీ చూపించారు.

ఆదివారం సాయంత్రాలు అధ్యయనం పెట్టారు. మురళీమోహన్ గారు అచ్చువేసిన చిన్న పుస్తకం ఒకరు చదవాలి, మిగతావాళ్లు వినాలి, ఆపైన ఈశ్వరరావు గారు దాని అర్థం చెప్పాలి. జనం బాగానే వచ్చేవారు. వీరవేణి గారి చేతి అరటికాయ బజ్జీకి ఊళ్లో మంచి పేరుంది.

ఇన్ని చేశాక ఆయనకి ధ్యాన మందిరం కట్టాలనిపించింది. ఇంటి వెనక పొలం గట్టున రేకుల కప్పుతో, నాపరాళ్ల నేలతో, నలుగురూ చూసి బాగుందనేలా కట్టించారు. దానికి ఖర్చు ఎక్కడిదంటే పొలం కౌలుదే. నాలుగేళ్ల కిందట ఆ పొలంలో వరి కిట్టుబాటు కావట్లేదని, నాగసతీష్ అనే కుర్రాడికి రొయ్యల చెరువులకి కౌలుకిచ్చారు. నాగసతీష్ మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పని చేసి, అక్కడ కూడబెట్టింది తెచ్చి ఆ చెరువుల్లో పోశాడు. వరసకి ఏమీ కాకపోయినా ఈయన్ని బాబాయి గారనీ, ఆవిడని పిన్ని గారనీ పిలిచేవాడు.

రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి అందించడానికి మోటారు చక్రాలుంటాయి. పగలూ రాత్రీ నీటిని చిమ్ముతూ తిరుగుతూనే ఉంటాయి. దూరం నుంచి వింటే ఎక్కడో ఆగకుండా వాన కురుస్తున్నట్టుంటుంది. కౌలు చేతికొచ్చిన నాలుగేళ్లూ ఈశ్వరరావు గారికి ఆ చప్పుడు వినిపించలేదు. మందిరంలో మొదటిరోజు కళ్లు మూసుకోగానే వినిపించింది. ఆ తర్వాత వినిపించకుండా ఉన్న క్షణం లేదు. తలగడ మీద తల పెట్టినా, అమలాపురం బజార్లో నడుస్తున్నా ఆ చక్రాలు చెవిలోనే తిరుగుతున్నాయని ఆయన బాధపడ్డారు.

మాఘమాసంలో మూడు రోజుల మౌన శిబిరం పెట్టాలని తీర్మానమైంది. మురళీమోహన్ గారే స్వయంగా వస్తారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి ముప్పై మంది దాకా వస్తారు. శిబిరం ముందురోజు ఈశ్వరరావు గారు గట్టు మీదికి వెళ్లి నాగసతీష్‌ని పట్టుకున్నారు.

"సతీషూ, పొద్దున్న మేము కూర్చునే గంటసేపు ఆ చక్రాలు ఆపించరాదా?"

"అమ్మో, కుదరదండీ బాబాయి గారూ. తెల్లారగట్ల నీళ్లలో గాలే ఉండదు. అప్పుడే ఆపితే రొయ్యలకి ఊపిరాడదండీ."

"మేమూ ఊపిరి మీదే కూర్చుంటున్నాం కదయ్యా."

"మీరు గట్టు మీదున్నారండీ," అన్నాడు నాగసతీష్, చాలా మర్యాదగా. ఇంకో రెండు వారాల్లో రొయ్యల పట్టుబడి ఉందనీ, అది అయిపోతే చెరువు ఎండగడతాననీ, అప్పుడు ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు నిశ్శబ్దంగా ఉంటుందనీ చెప్పాడు. శిబిరం తేదీ మార్చడం ఈశ్వరరావు గారికి నామోషీ అనిపించింది. కరపత్రాలు పంచేశారు.

ఆయన మురళీమోహన్ గారికి ఫోన్ చేసి చక్రాల సంగతి చెప్పుకున్నారు. మురళీమోహన్ గారి నోటి నుంచి ఆ ఒక్కసారి నిజంగా పనికొచ్చే మాట వచ్చింది. చప్పుడుతో పోట్లాడకండి, వచ్చిందీ పోయిందీ అని ఊరుకోండి, అది కూడా సాధనే అన్నారు. ఈశ్వరరావు గారు ఆయ్ ఆయ్ అంటూ విన్నారు. ఫోన్ పెట్టేశాక, మహానుభావుడు మన ఇబ్బంది కప్పిపుచ్చడానికి అలా అన్నాడని భార్యతో చెప్పారు.

శిబిరం మొదలైంది. వచ్చినవాళ్లందరి ఛాతీల మీద "నేను మౌనంలో ఉన్నాను" అని అచ్చువేసిన బిళ్లలు పెట్టారు. సెల్‌ఫోన్లు ఒక బుట్టలో వేయించారు. వీరవేణి గారికి కూడా ఒక బిళ్ల ఇవ్వబోతే, ముప్పై మందికి వంట మౌనంగా ఎలా చేయించమంటారని ఆవిడ తీసుకోలేదు. మొదటిరోజు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. కళ్లు మూసుకున్న వాళ్లలో కొందరికి ఆ చప్పుడు హాయిగా ఉండి కునికిపాట్లు పడ్డారు. ఈశ్వరరావు గారు మాత్రం పళ్లు బిగించి కూర్చున్నారు. తను పెట్టిన శిబిరంలో, తన పొలంలో, తన కౌలుదారుడి చక్రాలు తన గురువు గారి ముందు తిరగడం ఆయనకి అవమానంగా తోచింది.

రెండోరోజు తెల్లవారుజామున అందరూ వచ్చి కూర్చునే ముందు ఆయన గట్టు మీద నడిచి మోటారు గదికి వెళ్లారు. చెరువుల కాపలా మనిషి సాలమోను అప్పుడు అక్కడ లేడు. మేత లారీ వచ్చి రోడ్డు మీద ఆగితే, బస్తాలు దింపించుకోమని నాగసతీష్ ఫోన్ చేసి అతన్ని అక్కడికి పంపాడు. ఈశ్వరరావు గారు పెద్ద మీట కిందికి లాగేశారు. గంటసేపే కదా, మళ్లీ వేసేద్దామనుకున్నారు. వచ్చి పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, పొయ్యి రాజేస్తున్న వీరవేణి గారు చూశారు. ఆయన నవ్వి, పెదవుల మీద వేలు పెట్టుకుని మందిరంలోకి వెళ్లిపోయారు. సతీష్‌ని అడిగే ఆపించి ఉంటారని ఆవిడ అనుకున్నారు.

ఆ ఉదయం ధ్యానం అద్భుతంగా కుదిరింది. గాలి కదిలితే కొబ్బరాకు చప్పుడు తప్ప మరేదీ లేదు. ముప్పై మందిలో చాలామందికి శరీరం తేలికైపోయింది. కొత్తపేట నుంచి వచ్చిన బట్టల షాపు ఆయనకి కనుబొమల మధ్య వెలుగు కనిపించింది. మురళీమోహన్ గారు మెల్లగా, ఈ నిశ్శబ్దం ఊరికే రాలేదు, దీని వెనక సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి సాధన ఉంది అన్నారు. అది అక్షరాలా నిజమని ఆయనకి తెలియదు. ఈశ్వరరావు గారి కళ్ల నుంచి నీళ్లు కారాయి. ఆ ఆనందంలో గంట దాటిపోయింది. లేచి వెళ్లి మీట వెయ్యాలన్న సంగతి మనసులోకి రాలేదు. మనసు అంత ఖాళీ అయిపోయింది మరి.

బస్తాలు దింపించుకుని తిరిగొస్తున్న సాలమోను దూరం నుంచే చెవి ఒగ్గాడు. చప్పుడు లేదు. పరుగెత్తుకొచ్చి మీట వేసి, నాగసతీష్‌కి ఫోన్ చేశాడు. చక్రాలు తిరిగేసరికి చెరువు అంచులంతా రొయ్యలు పైకి తేలి గట్టుకి కొట్టుకుంటున్నాయి. నాలుగు చెరువుల్లో రెండింటిలో రొయ్యల్ని ఒత్తుగా పెంచారు. ఆ రెండూ దాదాపు పోయాయి.

నాగసతీష్ వచ్చాడు, ఊరి జనం వచ్చారు. మీట దానంతటది పడదు కదా అని అందరూ సాలమోను వైపు తిరిగారు. ఇటువంటప్పుడు అటు తిరగడం ఊరికి అలవాటు. తాగి పడుకున్నాడని ఒకరన్నారు. పక్క చెరువులవాళ్లు డబ్బిచ్చి చేయించి ఉంటారని ఇంకొకరన్నారు. ఆ ఇంకొకరికి పక్క చెరువులవాళ్లతో తగువుంది. నాగసతీష్‌కే ఏం నమ్మాలో తెలియలేదు. బస్తాలకి వెళ్లమన్నది తనే, కానీ వెళ్లేముందు ఏం చేశాడో ఎవరు చూశారు?

"నా కూడు నేనే పారేసుకుంటానాండీ?" అన్నాడు సాలమోను. "మందిరంలో బోల్డుమంది ఉన్నారు. ఎవరన్నా చూసేరేమో అడగండి."

అందరూ మందిరానికి వచ్చారు. అప్పటికి శిబిరంవాళ్లు ఉపాహారానికి పెరట్లో వరసగా కూర్చుని ఉన్నారు. నాగసతీష్ ఒక్కొక్కరినీ అడిగాడు. ఒక్కొక్కరూ ఛాతీ మీది బిళ్ల చూపించారు. రాజోలు మేష్టారు మాత్రం తలడ్డంగా ఊపారు, తనకేమీ తెలియదని. మురళీమోహన్ గారు కళ్లు మూసుకున్నారు. చివరికి నాగసతీష్ ఈశ్వరరావు గారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాబాయి గారూ, మీరేమన్నా చూసేరాండీ?"

ఈశ్వరరావు గారు బిళ్ల చూపించలేదు. అంతకంటే ఎక్కువ చేశారు. లేచి నిలబడి, సాలమోను దగ్గరికి నడిచి, అతని భుజం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి తీసుకున్నారు. దోషి అయినా సరే ఇతని మీద జాలి చూపండి అన్నట్టుంది ఆ ముఖం. చూస్తున్నవాళ్లలో ఒకావిడ చేతులు జోడించింది కూడా.

వీరవేణి గారు అప్పుడు పెద్ద బేసినులో పులిహోర కలుపుతున్నారు. చేతికున్న పసుపు కొంగుకి తుడుచుకోకుండానే లేచి వచ్చారు.

"సతీషూ, అతన్ని వదిలెయ్. మీట దించింది మీ బాబాయి గారు. గట్టు మీద నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నేను చూసేను. నీకు చెప్పే ఆపేరనుకున్నాను."

గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పారు. తర్వాత భర్త వైపు తిరిగి, సాలమోను భుజం మీద నుంచి ఆ చెయ్యి తీసెయ్యమన్నారు.

ఈశ్వరరావు గారు చెయ్యి తీశారు. మురళీమోహన్ గారి వైపు చూశారు. ఆయన ఇంకా కళ్లు తెరవలేదు. ముందురోజు పట్టిన మౌనం తర్వాత ఈశ్వరరావు గారు పలికిన మొదటి మాట ఇది.

"నేను చక్రాలు ఆపేను గానీ, రొయ్యల్ని ఏం చెయ్యలేదు."

నాగసతీష్ సాలమోను చెయ్యి పట్టుకుని చెరువు వైపు తీసుకెళ్లిపోయాడు. ఇక పెరట్లో ఉన్నవాళ్లు ముందురోజు నుంచి దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికి తీశారు. ఫీజులో కొంతైనా తిరిగివ్వాలని కొందరు, తమకి ముందే అనుమానం వచ్చిందని ఇంకొందరు. ఫోన్ల బుట్ట దగ్గర తోపులాట జరిగింది. బట్టల షాపు ఆయనకి వేరే సందేహం వచ్చింది. ఆ నిశ్శబ్దం అలా వచ్చింది కదా, మరి అందులో తనకి కనిపించిన వెలుగు లెక్కలోకి వస్తుందా రాదా అని. మురళీమోహన్ గారు ఈ ఒక్క ప్రశ్నకే కళ్లు తెరిచి, అనుభవం అనుభవమేనండీ అని తేల్చారు. కాకినాడలో మధ్యాహ్నం కార్యక్రమం ఉందని గుర్తొచ్చి, పులిహోర పొట్లం కట్టించుకుని కారెక్కారు.

జనం పల్చబడ్డాక ఈశ్వరరావు గారు ఒక్కరే చెరువు గట్టుకి వెళ్లారు. వలలు వేసి చచ్చిన రొయ్యల్ని లాగుతున్నారు. సాలమోను మొలలోతు నీళ్లలో ఉన్నాడు. వాసన అప్పుడే మొదలైంది. ఈశ్వరరావు గారికి గుండెల్లో గాలి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. ఎవరూ చూడమనకుండా, కళ్లు మూసుకోకుండా, తన ఊపిరి ఎక్కడ ఆగుతోందో ఆయనకి మొదటిసారి స్పష్టంగా తెలిసింది. గట్టు మీద అలాగే కూలబడ్డారు. నీళ్లలో నుంచి సాలమోను చూసి, ఎండెక్కుతోంది ఇంటికెళ్లండి అన్నాడు. ఆయన ఏడ్చారు. ఆ ఏడుపులో కల్తీ లేదని చూసినవాళ్లే చెప్పారు.

ఊరి పెద్దలు కూర్చుని, నష్టానికి రెండేళ్ల కౌలు వదులుకోవాలన్నారు. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. మర్నాడు తెల్లవారకముందే ఇంట్లో కుక్కరు ఈల వేసింది. దాని మీద ఎవరూ వ్యాఖ్యానించలేదు. కొట్లో పనివాళ్లు వచ్చిన వెంటనే పనిలోకి దిగారు. మందిరం తాళం వీరవేణి గారి బొడ్లో చేరింది. కొన్నాళ్లకి అందులో కురిడీ కొబ్బరి ఆరబోశారు. నాపరాళ్ల నేల కాబట్టి బాగా ఆరింది.

క్షమాపణ చెప్పుకోవాలని ఈశ్వరరావు గారు ఒక ఉదయం సాలమోను ఇంటికి కూడా వెళ్లారు. అరుగు మీద కూర్చుని తన తప్పు ఒప్పుకున్నారు. అక్కడితో లేచి వస్తే సరిపోయేది. కానీ క్షమ గురించి ఆయన మూడో స్థాయిలో చాలా నేర్చుకుని ఉన్నారు. క్షమించడం వల్ల క్షమించేవాడికే ఎక్కువ లాభమనీ, గుండెకి మంచిదనీ, రక్తపోటు దిగుతుందనీ, కోపం లోపల పెట్టుకోవద్దనీ సాలమోనుకి వివరించడం మొదలుపెట్టారు. సాలమోను చొక్కా గుండీలు పెట్టుకుంటూ కొంతసేపు విన్నాడు.

"ఆయ్, క్షమించేసేనండీ," అన్నాడు. "ఇంక లెగండి. మేత వెయ్యడానికి టైమైపోతోంది."

ఇది జరిగి ఏడాది దాటింది. ఆ మధ్య కొత్తపేటలో మురళీమోహన్ గారి సంస్థ వార్షికోత్సవం జరిగింది. బట్టల షాపు ఆయనే ముందుండి చేయించారు. వేదిక మీద ముఖ్య ఉపన్యాసం ఈశ్వరరావు గారిది. ఫ్లెక్సీ మీద పేరు పూర్తిగా వేశారు, రెండు వరసల్లో. విషయం: తప్పు ఒప్పుకోవడం వల్ల ఆత్మశుద్ధి.

ఆయన ఇప్పుడు ఈ కథ చాలా బాగా చెప్తారు. రాజోలులోనూ ముమ్మిడివరంలోనూ చెప్పి చెప్పి నునుపు తేలింది. చచ్చిపోయిన చెరువులు రెండు కాస్తా నాలుగయ్యాయి. వానలాంటి చక్రాల చప్పుడు, అది ఆగిన నిశ్శబ్దం, గట్టు మీద తన ఊపిరి ఆగడం, అన్నీ వస్తాయి. పెరటి ఘట్టం దగ్గర ఆయన గొంతు జీరబోతుంది. ఒక అమాయకుడు నింద మోస్తుంటే తన అంతరాత్మ ఊరుకోలేదనీ, అందరి మధ్యకీ నడిచి, అతని భుజం మీద చెయ్యి వేసి, దోషిని నేనే అని ప్రకటించాననీ చెప్తారు. పులిహోర బేసిను ఆ కథలో లేదు. అది కలుపుతున్న మనిషీ లేదు.

కొత్తపేట హాల్లో సగం మంది కళ్లు తుడుచుకున్నారు. వీరవేణి గారు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. ఆ కథ ఆవిడ వినడం అదే మొదటిసారి. పక్కన కూర్చున్నావిడ ముక్కు చీదుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీరు అదృష్టవంతులండీ. ఎంతమంది మగాళ్లు అలా నలుగురి ముందూ ఒప్పుకుంటారు చెప్పండి?"

"ముందే ఎవరో ఒకరు చెప్పేస్తే, ఒప్పుకోవడానికి అట్టే కష్టం ఉండదండీ," అన్నారు వీరవేణి గారు.

పక్కావిడకి అర్థం కాలేదు. ఏదో లోతైన మాటై ఉంటుందనుకుని తల ఊపింది. ఈలోగా వేదిక మీద ఈశ్వరరావు గారు, ఇప్పుడందరం ఒక్క నిమిషం మౌనంగా కళ్లు మూసుకుందామన్నారు. హాలంతా కళ్లు మూసుకుంది. వీరవేణి గారు చెప్పులు వెతుక్కుని, బస్సుకి ఎంత టైముందో కనుక్కోవడానికి బయటికి నడిచారు.